ఉత్తరాలు పెంచిన వచనం

మన ఊరు ఒక ఉత్తరం వల్ల పుట్టిందంటే అతిశయోక్తిగా తోచవచ్చును. కాని 1904 ఫిబ్రవరి 24వ తేదీన ప్రమథనాథ్ బోస్ అనే భూగర్భ శాస్త్రవేత్త జంషెడ్జీ టాటా గారికి ఒక ఉత్తరం వ్రాశారు. మయూర్‌భంజ్ సంస్థానంలో మేలైన ఇనుప ఖనిజం ఉన్నదని తెలియజేయడం ఆ ఉత్తరం ఉద్దేశం. అప్పటికి టాటావారి మనుషులు మధ్య పరగణాలలో ఖనిజం కోసం వెదుకుతున్నారు. ఆ ఉత్తరం అందిన తరువాత వారి దృష్టి ఇటు మళ్లింది. మూడు నెలలు తిరగకుండానే, 1904 మే నెలలో జంషెడ్జీ కన్నుమూశారు. 1907 చివర సాక్చి గ్రామాన్ని ఎంపిక చేయడం, 1912లో తొలి ఉక్కు దిమ్మె వెలువడడం, 1919లో సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టడం పాఠకులకు తెలిసిన చరిత్రే. మన వీధుల వెంట నీడనిచ్చే చెట్లు ఉండాలన్న ఆలోచన సైతం 1902లో జంషెడ్జీ తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన ఉత్తరంలోనిదే. విశాలమైన వీధులు, తోటలు, ఆట మైదానాలు, గుళ్లకూ మసీదులకూ చర్చిలకూ వేరువేరుగా స్థలాలు, ఇవన్నీ ఊరు ఏర్పడక ముందే ఒక తండ్రి కాగితం మీద పెట్టిన కోరికలు.

ఈ రెండూ అచ్చుకోసం వ్రాసినవి కావు. ఒక మనిషి, తనకు తెలిసిన మరొక మనిషికి, ఒక పని నిమిత్తం వ్రాసినవి. సాహిత్య చరిత్రలు ఇటువంటి వ్రాతను చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. పద్యాన్ని ఛందస్సు మోసుకుపోతుంది, జ్ఞాపకం దాచుకుంటుంది. వచనానికి ఆ సదుపాయం లేదు. దానికి కాగితం కావాలి, ఒక అవసరం కావాలి, అన్నింటినీ మించి చదివే మనిషి కావాలి. ఈ మూడూ సామాన్యుడికి ఒకచోట దొరికేది ఉత్తరంలోనే. ఏ భాషలోనైనా వచనం నడక నేర్చింది పండితుల గ్రంథాలలో కంటె ఉత్తరాలలోనే ఎక్కువ అన్నది మా అభిప్రాయం. ఈ నెల దానికి కొన్ని నిదర్శనాలు చూపుతాము.

ముందుగా ఇంగ్లీషు సంగతి. ఆ భాషలో ఈ కథకు కాగితాలు చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నాయి. పదిహేనవ శతాబ్దంలో ఇంగ్లండులోని నార్‌ఫోక్ ప్రాంతంలో పాస్టన్ అనే భూస్వాముల కుటుంబం ఉండేది. ఇంటి యజమాని జాన్ పాస్టన్ వ్యాజ్యాల పని మీద తరచు లండనులో ఉండేవాడు. భార్య మార్గరెట్ ఊళ్లో ఉండి ఆస్తిని కాపాడుకుంటూ ఆయనకు ఉత్తరాలు పంపేది. ఆమె చెబుతూ ఉండగా గుమాస్తాలు వ్రాసేవారు. 1448 నాటి ఒక ఉత్తరంలో, శత్రువుల మనుషులు దాడికి సిద్ధమవుతున్నారనీ, మీట నొక్కితే బాణం వదిలే విల్లులు కొన్ని పంపవలసిందనీ కోరింది. అదే కాగితంలో, అదే ఊపిరిలో, బాదంపప్పూ పంచదారా, దుస్తులకు గుడ్డా తెమ్మన్నది. ఒక ఇల్లాలి మనస్సు పనిచేసే తీరు అది. ఆ కాలపు ఏ కావ్యమూ విల్లులనూ పంచదారనూ ఒకే వరుసలో చేర్చి ఉండదు. ఈ ఉత్తరాలు మూడు వందల ఏళ్లకు పైగా పెట్టెలలో ఉండి, 1787లో మొదటిసారి అచ్చయ్యాయి.

పదహారవ శతాబ్దం వచ్చేసరికి ఉత్తరం ఎలా వ్రాయాలో నేర్పే పుస్తకాలు ఇంగ్లీషులో బయలుదేరాయి. 1568లో విలియం ఫుల్‌వుడ్, 1586లో ఏంజెల్ డే వెలువరించిన గ్రంథాలు అటువంటివి. లాటిన్ అలంకారశాస్త్రం చెప్పిన అంగాలన్నీ వాటిలో ఉన్నాయి. తండ్రికి వ్రాసే తీరు వేరు, యజమానికి వ్రాసే తీరు వేరు, ఋణదాతకు వ్రాసే తీరు మరీ వేరు. కొలతలు సరిగానే ఉన్నాయి గాని, వాక్యాలు కొత్త బూటు తొడుక్కున్నట్లు బిగుసుకొని నడుస్తాయి. ఆ బిగువు సడలడానికి మరికొంత కాలం పట్టింది. 1650 దశకం ఆరంభంలో డొరొతీ ఆస్‌బర్న్ అనే యువతి, పెద్దలు ఒప్పుకోని వరుడు విలియం టెంపుల్‌కు రెండేళ్లపాటు ఉత్తరాలు వ్రాసింది. ఉత్తరం ఉపన్యాసంలా కాక మాటలా సాగాలన్నది ఆమె మతం. కాబోయే భర్తతో మాట్లాడే అవకాశం లేని పిల్లకు కాగితమే మాట అయింది. చివరకు వారికి పెళ్లి జరిగిందని చెప్పకపోతే మా పాఠకురాండ్రు ఊరుకోరు కనుక, జరిగిందని మనవి చేస్తున్నాము.

ఇంజనీర్లకు ఆసక్తి కలిగించే సంగతి మరొకటి ఉన్నది. లండనులోని రాయల్ సొసైటీకి కార్యదర్శిగా పనిచేసిన హెన్రీ ఓల్డెన్‌బర్గ్, యూరపు నలుమూలల నుంచి వచ్చే ఉత్తరాల ఆధారంగా 1665లో ఒక శాస్త్ర పత్రికను ప్రారంభించాడు. హాలండులో బట్టల వ్యాపారి అయిన లేవెన్‌హుక్, తన సూక్ష్మదర్శినిలో కనిపించిన వాటిని 1673 నుంచి ఉత్తరాలుగానే ఆ సంఘానికి పంపాడు. అతనికి లాటిన్ రాదు. వచ్చిన డచ్చి భాషలోనే వ్రాశాడు. చూచినదానిని చూచినట్లు, దూరాన ఉన్న మనిషికి అర్థమయ్యేటట్లు చెప్పడం అనే క్రమశిక్షణ అక్కడ అలవడింది. నేటికీ మన ప్లాంటులో ఒక షిఫ్టు ఇంజనీరు తరువాతి షిఫ్టువాని కోసం లాగ్ బుక్‌లో వ్రాసే నాలుగు పంక్తులు ఆ వంశానికి చెందినవే. రాత్రి రెండు గంటలకు ఏ బేరింగు వేడెక్కినదో వ్రాసేవాడు ఉపమానాల కోసం వెదకడు.

ఇక నవల. 1740లో శామ్యూల్ రిచర్డ్‌సన్ అనే ముద్రాపకుడు ‘పామెలా’ వ్రాశాడు. పుస్తక వ్యాపారులు ఆయనను అడిగినది సామాన్యులకు పనికివచ్చే మాదిరి ఉత్తరాల పుస్తకం. ఆ పని చేస్తూండగా, కొలువులో ఉన్న ఒక పనిపిల్ల కథ ఆయన మనస్సులో నాటుకుని, ఉత్తరాల రూపంలోనే పెద్ద నవలగా పెరిగింది. అడిగిన మాదిరి ఉత్తరాల పుస్తకం ఆ తరువాత, 1741లో వచ్చింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాము. తెలుగులో పద్యానికి వెయ్యేళ్ల వైభవం ఉన్నది. వచనం అసలే లేదనడం సరికాదు. శాసనాలలో ఉన్నది, కైఫీయతులలో ఉన్నది, దస్తావేజులలో ఉన్నది. ఉత్తరాలలోనూ ఉన్నది. అయితే మన పాత ఉత్తరానికి తలకట్టు చాలా బరువు. మహారాజరాజశ్రీ అన్నది మ॥రా॥రా॥శ్రీ అని నాలుగు అక్షరాలకు కుదించుకుపోయినా దాని అధికారం తగ్గలేదు. చిరంజీవి, చి॥ల॥సౌ॥, బ్రహ్మశ్రీ వేదమూర్తులైన, పూజ్యులైన తండ్రిగారి పాదపద్మములకు, ఇలా మొదటి పంక్తి చదివితే చాలు, వ్రాసినవారికీ అందుకొనేవారికీ మధ్యగల వరుస, వయస్సు, హోదా తేటపడేవి. డ్రాయింగుకు కుడివైపు అడుగున టైటిల్ బ్లాకు ఉన్నట్లన్నమాట. భర్తను పోగొట్టుకున్న స్త్రీని గంగాభాగీరథీ సమానురాలు అని సంబోధించేవారు. ఎంత గౌరవంగా వినిపించినా, ఆమె దురదృష్టాన్ని ప్రతి కార్డు మీదా చాటే మాట అది. ఈనాడు చదివితే మనస్సు చివుక్కుమంటుంది. తలకట్టు తరువాత ఉభయకుశలోపరి. అది దాటితేనే అసలు సంగతి. ఆ అసలు సంగతి దగ్గరకు వచ్చేసరికి మాత్రం వ్రాసేవాడు తన మాటలోకి దిగిపోయేవాడు. ఆవు ఈనింది, బావి పూడిక తీయించాము, పిల్లకు సంబంధం చూస్తున్నాము. తెలుగు వచనం ఈ తలకట్టు కింద నీడలో పెరిగింది.

దానిని వెలుగులోకి తెచ్చిన మహానుభావుడు ఏనుగుల వీరాస్వామయ్య గారు. మదరాసు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ ఆయన. 1830 మే 18వ తేదీన పరివారంతో, డేరాలతో, పల్లకీలతో మదరాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరారు. కడప సీమ, అహోబిలం, శ్రీశైలం, కర్నూలు, హైదరాబాదు, నాగపూరు, జబల్‌పూరు, ప్రయాగ మీదుగా కాశి. అక్కడి నుంచి గయ, పాట్నా, కలకత్తా. తిరుగు ప్రయాణంలో జగన్నాథం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, బందరు, నెల్లూరు. 1831 సెప్టెంబరు 3వ తేదీన మళ్లీ మదరాసు. కలకత్తా నుంచి జగన్నాథానికి వచ్చేటప్పుడు మన సింగ్‌భూమ్ అడవులు ఆయనకు పడమటి దిక్కున ఉండిపోయాయి. ఈ పదిహేను నెలల పైచిలుకు ప్రయాణ విశేషాలను ఆయన తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి ఉత్తరాలుగా వ్రాసి పంపారు. అవే తరువాత ‘కాశీయాత్ర చరిత్ర’ అయ్యాయి.

ఆ రోజులలో ఉత్తరం పంపడం చిన్న పని కాదు. మదరాసులో జనరల్ పోస్టాఫీసు 1786 నుంచి ఉన్నది గాని, టపా మోసేది మనిషి కాళ్లే. ఒక అంచె నుంచి మరొక అంచెకు సంచి చేతులు మారుతూ పోయేది. అంచెలంచెలుగా అని ఇప్పటికీ మనం అంటూ ఉండే మాటలో ఆ పరుగు మిగిలే ఉన్నది. రుసుము దూరాన్నిబట్టి పెరిగేది. బరువును బట్టి మాత్రమే, దేశమంతటా ఒకే రుసుము వసూలు చేసే పద్ధతి 1854లో గాని రాలేదు. అటువంటి కాలంలో నర్మదానది ఆవల నుంచి మదరాసుకు వ్రాసేవాడు వృథాగా ఒక్క మాట వ్రాయడు అనుకుంటాము. వీరాస్వామయ్య గారు అలా పొదుపు చేయలేదు. ఏ మజిలీలో నీళ్లు మంచివి, ఎక్కడ అంగళ్లు ఉన్నాయి, ఎక్కడ ఏ సరుకు దొరకదు, ఏ ఏరు కాలినడకన దాటవచ్చు, దేనికి పడవ కావాలి, దారిలో దొంగల భయం ఏపాటిది, ఏ ఊళ్లో అధికారి ఎటువంటివాడు, క్షేత్రాలలో పండాలు యాత్రికులను ఏ తీరున పీడిస్తారు, అన్నీ వ్రాశారు. నడుమ నడుమ వేదాంత చర్చలోకి వెళ్లిపోతారు. అక్కడ మాకు కొంత విసుగు పుట్టిన మాట నిజం. మళ్లీ రోడ్డెక్కగానే కళ్లు విప్పి చూస్తారు.

ఆ భాష ఎటువంటిది? కావ్యభాష ఎంతమాత్రమూ కాదు. కచేరీలో, బజారులో, ఇంట్లో ఆయన వాడే మాటలే. కుంఫిణీ, దొరలు, బస, మజిలీ, హిందుస్తానీ మాటలు, అరవ మాటలు, ఇంగ్లీషు మాటలు అవసరం వచ్చిన చోటల్లా వచ్చి కూర్చుంటాయి. వాక్యాలు పొడవైనవి. గనుకలతో గానీలతో అల్లుకుంటూ పోతాయి. వ్యాకరణవేత్త పట్టుకొనే తప్పులు అడుగడుగునా దొరుకుతాయి. అయినా అర్థం కాని వాక్యం అరుదు. మా దృష్టిలో దీనికి కారణం ఒక్కటే. చదివేవాడు ఎవరో వ్రాసేవానికి తెలుసు. శ్రీనివాస పిళ్లె గారు హైదరాబాదు చూడలేదనుకొని, చూడని మిత్రుడికి ఊరు కనబడేటట్లు చేయాలన్న పట్టుదలే ఆ వాక్యాలకు వెన్నెముక. కోర్టులో దుబాసీగా ఒకరి మాటను మరొకరికి ఉన్నదున్నట్లు అందించడంలో ఆయనకు ఏళ్ల తరబడి సాధన ఉన్నది. ఆ వృత్తి నేర్పిన నిక్కచ్చితనం ఇక్కడ పనికివచ్చింది.

వీరాస్వామయ్య గారు 1836లో కాలధర్మం చెందారు. పుస్తకం 1838లో అచ్చయింది. రచయిత దానిని చూడలేదు.

ఉత్తరాల విలువ గ్రహించిన మరొకరు సి.పి. బ్రౌన్ దొర. నిఘంటువు తయారుచేసినవాడిగా, వేమన పద్యాలు సేకరించినవాడిగా ఆయనను మనం ఎరుగుదుము. 1852లో ఆయన ప్రచురించిన తెలుగు రీడరు సంగతి చాలామందికి తెలియదు. అందులో ఉన్నవి కథలు కావు, ఉత్తరాలు. సొంత వ్యవహారాలవి, వ్యాపారానివి, పోలీసు, రెవెన్యూ పనులకు సంబంధించినవి. పక్కన ఇంగ్లీషు అనువాదం, వ్యాకరణ వివరణలు, చిన్న పదకోశం. కొత్తగా వచ్చిన ఇంగ్లీషు ఉద్యోగికి రైతు పెట్టుకున్న అర్జీ అర్థం కావాలంటే పంచకావ్యాలు చదివి లాభం లేదని, న్యాయాధికారిగా పనిచేసిన బ్రౌనుకు బాగా తెలుసు.

సరిగ్గా ఆ మరుసటి ఏడే, 1853లో, పరవస్తు చిన్నయసూరి గారి ‘నీతిచంద్రిక’ వెలువడింది. పాఠశాలలు దీనిని స్వీకరించాయి. సూరి గారిని తప్పుపట్టే సాహసం మాకు లేదు. ఆ గద్యం చెక్కిన రాతిస్తంభం వంటిది, దాని అందం దానిదే. కాని స్తంభాన్ని చూపి, ఇంట్లో నిచ్చెన కూడా ఇలాగే ఉండాలంటే చిక్కు వస్తుంది. ఫలితంగా అరవై డెబ్భై ఏళ్లపాటు చదువుకున్న తెలుగువాడు పరీక్షకు ఒక తెలుగు, తల్లికి వ్రాసే కార్డుకు మరొక తెలుగు వాడవలసి వచ్చింది. 1879లో కాలణాకు పోస్టు కార్డు వచ్చిన తరువాత ఆ రెండవ తెలుగు ఊరూరా తిరిగింది. మొదటిది బడిలోనే ఉండిపోయింది.

గిడుగు రామమూర్తి పంతులు గారు, గురజాడ అప్పారావు గారు చేసిన పోరాటం ఈ రెండు తెలుగుల మధ్య గోడను పగులగొట్టడానికే. ఏటా ఆగస్టు 29న, గిడుగు వారి జయంతి నాడు, తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాము కనుక ఆ చరిత్రను మళ్లీ విప్పడం లేదు. 1914లో గురజాడ వారు మదరాసు విశ్వవిద్యాలయానికి సమర్పించిన అసమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉన్నది, దినచర్యలు, ఉత్తరాలలో చాలా భాగం కూడా ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాడుక తెలుగుకు పట్టం కట్టిన కవి సొంత కాగితాల మీద పరాయి భాష నిండి ఉండడం వింతగా తోస్తుంది గాని, ఆ తరం విద్యావంతుల అలవాటు అది. తెలుగు ఉత్తరాన్ని ఆడవారు కాపాడారు. 1920 దశకం చివర కనుపర్తి వరలక్ష్మమ్మ గారు ‘గృహలక్ష్మి’ పత్రికలో ‘శారద లేఖలు’ ప్రారంభించినప్పుడు, ఒక స్నేహితురాలు మరొక స్నేహితురాలికి వ్రాసే ఉత్తరం అనే రూపాన్ని ఎంచుకున్నారు. స్త్రీ విద్య, స్త్రీల హక్కులు, కొత్త చట్టాలు వంటి బరువైన విషయాలు సామాన్య గృహిణికి చేరడానికి అంతకంటె దగ్గర దారి లేదు.

మన జంషెడ్‌పూర్‌కు తిరిగి వస్తే, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఇక్కడికి పనికి వచ్చిన మొదటి తరాలవారి తెలుగు వచనం ఎక్కువభాగం మనియార్డరు ఫారం అడుగున ఉండే కూపన్ ముక్క మీద పుట్టింది. రెండు మూడు అంగుళాల జాగా. చదువు రానివారు చదువు వచ్చిన పొరుగువాని చేత వ్రాయించుకొనేవారు. ఈ నెల ఓవర్‌టైము లేదు, ముందు విత్తనాలకు ఇవ్వండి, అప్ప మందులు ఆపవద్దు, దసరాకు సెలవు దొరికితే వస్తాను. ఇంతకు మించి అందులో పట్టదు, ఇంతకు తక్కువైతే పని జరగదు. 1950లో ఇన్‌లాండ్ కవరు వచ్చాక జాగా పెరిగింది. మూడు మడతలూ నిండి, అంటించే అంచు వెంట నిలువుగా వ్రాసిన అమ్మ ఆశీర్వచనాలు, మూలన తమ్ముడు ఇరికించిన రెండు పంక్తులు చాలా ఇళ్లలో ఇంకా ఉన్నాయి. పసుపు రాసిన కార్డును దేవుని దగ్గర పెట్టేవారు. చావు కబురు తెచ్చిన కార్డును గడప బయటనే చదివి చింపివేసేవారు. అందుచేత మన పెట్టెలలో పెళ్లిళ్ల వార్తలే మిగిలి, మరణాల వార్తలు మిగలలేదు. ఈ కాగితాల ఆధారంగా చరిత్ర వ్రాసేవారు ఈ లోటును గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు ఫోను వచ్చింది. దానిని నిందించడం ఈ శీర్షిక పని కాదు. తల్లి గొంతు రోజూ వినగలిగినవాడు కార్డు కోసం ఎందుకు ఎదురుచూస్తాడు? అయితే ఒక సంగతి కంటికి కనబడుతూనే ఉన్నది. ఇక్కడ పెరిగిన మన పిల్లలు ఇంట్లో చక్కగా తెలుగు మాట్లాడతారు. బడిలో హిందీ, ఇంగ్లీషు వ్రాస్తారు. సందేశం పంపవలసి వస్తే తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాలలో కొడతారు. తెలుగు లిపి తాతగారి ఉత్తరంతో ఈ ఇళ్లలోకి వచ్చేది. ఆ ఉత్తరం ఆగిన ఇంట్లో లిపి కూడా ఆగిపోయింది. తాతగారి ఉత్తరాల కట్ట ఎదుట ఉన్నా మనుమడు చదవలేడు, చదివి వినిపించవలసిన తరం ఒక్కొక్కరే పదవీ విరమణ చేసి క్వార్టర్లు ఖాళీ చేస్తున్నారు. సామాను లారీకి ఎక్కే ముందు పాత కాగితాలు తూకానికి వెళ్లిపోతున్నాయి.

శ్రీనివాస పిళ్లె గారు మిత్రుని ఉత్తరాలను భద్రపరచి ఉండకపోతే మనకు కాశీయాత్ర దక్కేది కాదు. కనుక క్వార్టరు ఖాళీ చేసే మిత్రులకు మాది ఒక విన్నపం. తెలుగు ఉత్తరాలు ఉంటే పెట్టె దించి ఒక్క పూట కూర్చోండి, ఇంట్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని పైకి చదవండి. ప్రచురణకు అభ్యంతరం లేనివాటి నకళ్లు పంపితే, పేర్లు, చిరునామాలు తొలగించి, ఈ శీర్షికలో వరుసగా వేస్తాము. మూల ప్రతులు మాకు పంపవద్దు, మీ దగ్గరే ఉంచండి. లామినేషన్ చేయించవద్దు, ఆ వేడికీ జిగురుకూ పాత కాగితం పాడవుతుంది, మళ్లీ విడదీయడం సాధ్యం కాదు. రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు తీసివేసి, మడతలు విప్పి, శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య పరచి, తేమ తగలని చోట ఉంచండి. తేదీ లేని ఉత్తరమైతే తపాలా ముద్ర చూడండి. ఇన్‌లాండ్ కవరు మీద వెనుకవైపు కూడా ముద్ర ఉంటుంది, చేరిన తేదీ తరచు అక్కడ దొరుకుతుంది. ముద్ర చెరిగిపోతే, ఏ పెళ్లి ముందు వచ్చిందో, ఏ బోనస్ తరువాత వచ్చిందో ఇంట్లో పెద్దవారిని అడిగి పెన్సిలుతో అంచున వ్రాసి పెట్టండి. పెన్ను వాడవద్దు.